గుంజ మీద రెండు దెబ్బలు

నిలబడ్డానికి జీతమేమిటని మా కెర్విన్‌లో చాలామందికి ఒళ్ళుమంట. పరిగెత్తేవాడికి ఇచ్చారంటే అర్థముంది, గోలు కొట్టేవాడికి ఇచ్చారంటే అర్థముంది. రెండు గుంజల మధ్య చెట్టులా నిలబడేవాడికి గనిలో మేస్త్రీకిచ్చినంత ఇవ్వడమేమిటని సారాకొట్లో రోజూ ఎవడో ఒకడు ఎత్తేవాడు. ఈ ఉత్తరాది వెండిగనుల ఊళ్ళన్నిటిలో, మంచు మీద ఆడే హాకీలో గోలు కాసినందుకు పదిమంది ముందూ జీతం పుచ్చుకున్న మొదటి మనిషి ఎల్జెయార్ బొషాన్. అంతకుముందు ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఆ పని చాటుమాటుగా కానిచ్చేవారు.

"అయితే మీరొచ్చి నిలబడండి," అనేవాడు ఎల్జెయార్. అంతకుమించి వాదించేవాడు కాదు.

నిలబడటమంటే మాటలా? పడుకోకూడదు. మోకాలు మంచుకి ఆనించకూడదు. ఆనిస్తే రిఫరీ గంట వాయించి బయటికి పంపేస్తాడు. బంతికి బదులు కొట్టే ఆ రబ్బరు బిళ్ళ మొహం మీదికి దూసుకొచ్చినా సరే, మనిషన్నవాడు నిలబడే ఆపాలి.

ఆ గురువారం మధ్యాహ్నం అతను వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు బాగుచేసుకుంటున్నాడు. అవి అసలు క్రికెట్టువాళ్ళవి. కుట్లు విప్పి, లోపల దుప్పి వెంట్రుకలు దట్టంగా కూరి, దబ్బనంతో మళ్ళీ కుడుతున్నాడు. కుడికాలిది అయిపోయింది. ఎడమకాలిదానికి ఇంకా కూరుతూనే ఉన్నాడు. అది బస్తాలా ఉబ్బుతోంది.

భార్య ఒదిల్ బఠాణీ సూపు గిన్నె తెచ్చి అతని ఎడమ చేతి దగ్గర పెట్టింది. దారం తెంపడానికి కత్తి అందుకోబోయి ఎల్జెయార్ నేరుగా సూపులో చెయ్యి పెట్టేశాడు.

"అయ్యో! నీ పక్కనే పెట్టా కదయ్యా!"

"చూశాలే."

"చూసినవాడు చెయ్యి అందులో ముంచుతాడా?"

అతను చెయ్యి చన్నీళ్ళ బకెట్లో పెట్టాడు. ఆమె తువ్వాలు కోసం వెతక్కుండా తన గౌను అంచుతోనే ఆ చెయ్యి తుడిచింది. కిందటి చలికాలం ఎవడిదో కర్ర అంచు తగిలింది అతని ఎడమ కన్నుకి. పైకి చూస్తే ఏమీ తెలియదు, రెండు కళ్ళూ ఒకేలా నీలంగా ఉంటాయి. క్రిస్మస్‌నాటికి ఆ పక్క పొగ కమ్మింది. ఇప్పుడు పొగ కూడా లేదు, చీకటే.

"సాంతం పోయిందా?" అంది ఒదిల్.

"మార్చి దాకా నెట్టుకొస్తే చాలు. మేనేజరు టేట్ గారు మాటిచ్చాడుగా, ఈ సీజను గెలిపిస్తే రింకు కాపలా పని నాదేనని. నీళ్ళు చల్లుకోవడం, మంచు చదును చేసుకోవడం. దానికి ఒక కన్ను చాలు."

"ఈలోగా తెలిస్తే?"

"తెలిస్తే గనిలోకీ రానివ్వరు, రింకులోకీ రానివ్వరు. గనిలో ఒంటికన్నువాణ్ణి దింపరని నీకూ తెలుసు. తెలియనివ్వను."

అప్పుడే తలుపు తోసుకుని మర్డో గిలిస్ వచ్చాడు, బూట్ల మంచు దులపకుండానే. గోలుకి సరిగ్గా ముందర కాపలా ఉండే ఆటగాడు అతను. మనిషి తలుపంత ఉంటాడు. ఎడమ ప్యాడు ఎత్తి చూసి పెద్దగా నవ్వాడు.

"ఒరేయ్ ఎల్జీ, ఇదేమిట్రా, కాలికి కడతావా, ఇందులో కాపురం పెడతావా?"

"నీ బుర్రలోకన్నా దీన్లో సరుకెక్కువుందిలే."

మర్డో నవ్వు ఆపి ఒదిల్ వంక చూశాడు. ఆమె మొహం చూసేసరికి ఇక దాచేదేమీ లేదని అర్థమైంది.

"నువ్వేం బెంగపెట్టుకోకమ్మా. శనివారం పొరుగూరు మాథర్ వాళ్ళతో ఆట. ఎడమ పక్క నాది, కుడి పక్క వాడిది. పండగనుంచీ ఇలాగే లాక్కొస్తున్నాం, ఎవడు కనిపెట్టాడు? నా శవాన్ని దాటాలి ఆ పక్కనుంచి రావాలంటే."

"ఆ మాటలు వద్దు," అని ఒదిల్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత ఇంకో గిన్నెలో సూపు పోసి అతనికిచ్చింది. ఎల్జెయార్ గిన్నెని మాత్రం కుడిపక్కకి మార్చి పెట్టింది.

శనివారం మాథర్ నుంచి వచ్చిన రైల్లో వాళ్ళ ఆటగాళ్ళతోపాటు సగం ఊరు దిగింది. రింకు చుట్టూ చెక్కల గోడ మీద మనుషులు కాకుల్లా ఎక్కి కూర్చున్నారు. గెలిచినవాళ్ళు కప్పు ఆటకు వెళతారు. ఓడినవాళ్ళకి మళ్ళీ చలికాలం దాకా ఏమీ లేదు.

గోలు వెనక మంచు మీదే నిలబడే అంపైర్లు ఇద్దరు, గోలుకొకరు, ఊరికొకరు. బిళ్ళ లోపల పడితే తెల్ల రుమాలు ఎత్తడం వాళ్ళ పని. మాథర్ తరపున వచ్చినవాడు లూక్ డూలన్. ఒకప్పుడు వాళ్ళ ఊరికి గోలు కాసినవాడే. మోకాళ్ళు అరిగిపోయి మానేశాడు. రెండో సగంలో జట్లు పక్కలు మారాక ఎల్జెయార్ వెళ్ళి నిలబడింది డూలన్ ముందరే.

"ఏం బొషాన్, ఇంకా నిలబడే ఉన్నావా?"

"కూర్చోనివ్వరుగా అన్నా."

ఎల్జెయార్‌కి ఒక అలవాటుంది. గోలు పడితే, వెనకనుంచి రుమాలు లేవకముందే కర్రతో గుంజ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. పడింది, ఒప్పుకున్నానని. ఎవరూ నేర్పలేదు, ఎవరూ కొట్టమనలేదు. సొంత ఊరివాళ్ళు మొదట్లో తిట్టారు, తర్వాత అదే గొప్పగా చెప్పుకున్నారు. బొషాన్ కొడితే గోలు, కొట్టకపోతే కాదని పొరుగూళ్ళవాళ్ళు కూడా అనడం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం మర్డో మాట నిలబెట్టుకున్నాడు. ఎడమ పక్కకి ఒక్కణ్ణి రానివ్వలేదు. వచ్చినవాడి మీద అలా పడిపోయాడు. కుడి పక్కనుంచి వచ్చినవాటిని ఎల్జెయార్ కర్రతో, కాలితో, ఒకసారి ఛాతీతో ఆపాడు. మధ్యమధ్య ఎడమ భుజం మీదుగా తలంతా తిప్పి చూస్తున్నాడు.

"ఏమయ్యా, మెడ పట్టేసిందా?" అన్నాడు వెనకనుంచి డూలన్.

"పట్టేసింది."

అంతకుముందు మంచు మీదంతా తిరిగిన డూలన్ చూపు ఆ తర్వాత ఎల్జెయార్ తల వెనకనుంచి కదల్లేదు. తనూ ఆ చోట నిలబడ్డవాడే కదా.

నాలుగూ నాలుగూ సమానంగా ఉంది ఆట. ముగింపు దగ్గరపడుతుండగా మర్డో ఎవడి కాళ్ళ కిందో కర్ర పెట్టాడు. గంట మోగింది. రిఫరీ చెయ్యి బయటికి చూపించింది. మర్డో బతిమాలాడు, బూతులు తిట్టాడు, ఆఖరికి గోలువైపు చూస్తూ వెనక్కి నడిచినట్టే జారుకుంటూ బయటికి వెళ్ళాడు. "ఎల్జీ! తల! తల తిప్పు!" అని గోడ అవతలనుంచి అరుస్తూనే ఉన్నాడు.

మాథర్ ఆటగాడు స్లోన్ ఆ ఖాళీలోంచే వచ్చాడు. స్కేట్లు అడ్డంగా తిప్పేసరికి మంచుపొడి గుప్పున లేచింది. ఎల్జెయార్ తల తిప్పాడు. కాని తల తిప్పేటంత టైమెక్కడిది? అతనికి తెలిసిందల్లా ఎడమ చెంపకి తగిలిన గాలి, వెనక ఎక్కడో ధడేల్‌మన్న చప్పుడు, మళ్ళీ ముందుకొచ్చి జారిపోతున్న నల్లటి బిళ్ళ. నీళ్ళు తాగి గడ్డకట్టిన వల చెక్కలాగే ఉంటుంది, లోపల పడిన బిళ్ళ కూడా తగిలి బయటికొచ్చేస్తుంది. వలకి తగిలిందా, అవతల చెక్కగోడకి తగిలిందా?

డూలన్ రుమాలు పైకి లేచింది.

గోడ మీది మా ఊరి జనమంతా ఒక్క గొంతుతో లేచారు.

"కొట్టలేదు! బొషాన్ గుంజ కొట్టలేదు!"

"దొంగ అంపైరు! పట్టుకోండ్రా వాణ్ణి!"

గోడ దూకి మంచు మీదికొచ్చేశారు. డూలన్ టోపీ ఎగిరిపోయింది. ఎవడో కాలరు పట్టుకున్నాడు, ఇంకెవడో మూతి మీద గుద్దాడు. ముసలాయన రుమాలు మాత్రం దించలేదు. రిఫరీ గంట చెయ్యి నొప్పెట్టేదాకా వాయించి, జనాన్ని తోసుకుంటూ వచ్చి ఎల్జెయార్ ఎదురుగా నిలబడ్డాడు.

"చూడు బొషాన్, నువ్వెలాంటివాడివో రెండు ఊళ్ళకీ తెలుసు. నువ్వు చెప్పిందే నా తీర్పు. గుంజ కొట్టలేదు నువ్వు. అంటే పడలేదనేగా?"

జనం నిశ్శబ్దమయ్యారు. మా కెర్విన్ జనం అంత నిశ్శబ్దంగా గుడిలో కూడా ఉండరు. గోడ దగ్గర జట్టు మేనేజరు టేట్ చుట్ట నోట్లోంచి తీసి, అవునను అన్నట్టు తల ఊపుతున్నాడు. ఆయన పక్కన ఒదిల్ రెండు చేతులూ శాలువా కింద పెట్టుకుని నిలబడి ఉంది. ఎల్జెయార్ డూలన్ వంక చూశాడు. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారుతోంది, అది అక్కడే గడ్డకడుతోంది.

అవునంటే సరిపోతుంది. ఊరు భుజాలకెత్తుకుంటుంది. ముసలాయన్ని రైలెక్కేదాకా తంతారు, అంతేగా. అవునంటే అబద్ధం కూడా కాకపోవచ్చు. కాకపోవచ్చు అనేదే అతనికి అడ్డం పడింది. గుంజ మీద ఇన్నేళ్ళు కొట్టిన దెబ్బ ఏదీ అనుమానంతో కొట్టింది కాదు.

"కొట్టలేదు, నిజమే," అన్నాడు. "పడలేదని కాదండీ. నేను చూడలేదు."

"చూడకపోవడమేమిటి? నీ చేతి పక్కనుంచే పోయింది కదయ్యా!"

"ఆ పక్క నాకు కనపడదు."

"ఎప్పణ్ణించి?"

"చాన్నాళ్ళయింది."

ఎవడో పక్కున నవ్వాడు. ఇంకొకడు, "గుడ్డివాడికా ఇన్నాళ్ళూ జీతమిచ్చింది!" అన్నాడు. రిఫరీ నెత్తి గోక్కున్నాడు. గోల్‌కీపరు చూడనప్పుడు అంపైరు మాటే మాట. ఐదూ నాలుగు. మిగిలిన కాస్త ఆటా అలాగే అయిపోయింది, మాథర్ గెలిచింది.

ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో టేట్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ముందే చెప్పుంటే ఇంకొకణ్ణి చూసుకునేవాణ్ణి. ఇవాళ చెప్పకుండా ఊరుకున్నా కప్పుకి వెళ్ళే దారుండేది. రెంటికీ చెడ్డావు గదయ్యా."

"రింకు పని..."

"గెలిపిస్తే అన్నాను."

మర్డో బల్ల మీది లాంతరు కింద పడేలా గుద్ది బయటికి వెళ్ళిపోయాడు. ఎల్జెయార్ మాత్రం వంగి, ఎప్పట్లాగే ముందు కుడి ప్యాడు పట్టీలు విప్పుకున్నాడు, తర్వాత ఎడమది.

ఆదివారం పూజకి వెళ్ళక తప్పదు కదా. గుడి మెట్ల మీద సారాకొట్టువాడు అరచేత్తో ఒక కన్ను మూసుకుని, "నువ్వేనా ఎల్జెయార్? సగమే కనపడుతున్నావు!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కిందటేడు ఇదే మెట్ల మీదనుంచి అతన్ని భుజాల మీద మోసుకెళ్ళినవాళ్ళే. ఏరు దాటి తెప్ప తగలేయడం మావాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒదిల్ ఆ నవ్వినవాళ్ళ మధ్యలోంచి తల ఎత్తుకుని నడిచింది. మొగుడి ఎడమ చెయ్యి పట్టుకుని, ఆ పక్క మెట్లెక్కడున్నాయో వేళ్ళు నొక్కి చెబుతూ నడిచింది.

సోమవారం పెర్సీ హ్యాచ్ వచ్చాడు. ఇన్నాళ్ళూ బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు గోలు అతనిది. గుమ్మం బయటే నిలబడి టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"టేట్ గారు... ప్యాడ్లు పట్టుకురమ్మన్నారు. క్లబ్బువట."

"ప్యాడ్లు క్లబ్బువే," అంది ఒదిల్. "లోపల దుప్పి వెంట్రుకలు మావి. నా చేతుల్తో దువ్వి ఎండబెట్టినవి. ఉండు, లాగేసి ఇస్తా." నిజంగానే దబ్బనం తీసింది.

"ఇచ్చెయ్యవే," అన్నాడు ఎల్జెయార్.

"ఇవ్వను! అన్నీ ఇచ్చేశావు, ఇంకేముందని? నోరు మూసుకుంటే ఏం పోయేది నీకు? ఆ ముసలాడు నీకు చుట్టమా? ఎందుకు చెప్పావయ్యా?"

ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. రెండు రోజులు మింగుకుని ఉంది. ఏడుపొచ్చి, దబ్బనం బల్ల మీద పారేసి లోపలికి వెళ్ళిపోయింది. ఎల్జెయార్ కుర్రవాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పట్టీలు ఎలా బిగించాలో చూపించాడు. ఎడమది బరువుగా ఉంటుంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుందన్నాడు. పెర్సీ థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి, వాటిని చంకన పెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం రైల్లో డూలన్ దిగాడు. పై పెదవికి కుట్టు, చేతిలో గుడ్డలో చుట్టిన, మేపుల్ చెట్టు రసం కాచి చేసిన చక్కెర దిమ్మ. ఊరు తెలిసినవాడు కనుక వెనక సందుల్లోంచి వచ్చాడు. ఒదిల్ తలుపు తీసింది కాని లోపలికి రమ్మనలేదు. అతనే వచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు.

"కూర్చో అన్నా," అన్నాడు ఎల్జెయార్.

"కూర్చోను. చెప్పేసి పోతాను." డూలన్ చక్కెర దిమ్మ బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు మంచుపొడి నా కళ్ళలో పడింది. నేనూ చూడలేదు."

పొయ్యి మీద కెటిల్ మూత తకతకమంటోంది.

"చప్పుడు విన్నాను, అంతే. నీకు ఆ పక్క కనపడదని నాకు ముందే తెలిసిపోయిందయ్యా. నీ వెనకాలే నిలబడ్డాను కదా, తెలియదా? స్లోన్ ఆ పక్కనుంచి కొట్టాడు, నువ్వు కదల్లేదు. ఇంకెక్కడికి పోతుంది, లోపలికే పోయుంటుందనుకున్నాను. రుమాలు ఎత్తేశాను. ఎత్తాక దించడం నావల్ల కాలేదు."

"అయితే ఏమిటి? పడిందిగా," అన్నాడు ఎల్జెయార్.

డూలన్ తల అడ్డంగా ఊపాడు. "తిరిగెళ్ళేటప్పుడు బండిలో స్లోన్ తాగి ఒకటే నవ్వు. బయటికే పోయిందట. గుంజకి జానెడు అవతల చెక్కగోడకి తగిలిందట. వాడు కొట్టినది వాడికి తెలియదా?"

ఒదిల్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడిపోయింది. "అంటే... ఈయన పడలేదని చెప్పినా నిజమే అయ్యేదా?"

"అయ్యేదమ్మా."

ఎల్జెయార్ నవ్వినట్టు చప్పుడు చేశాడు. తర్వాత మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. పెళ్ళైనప్పటినుంచీ మొగుడు ఏడవగా ఒదిల్ చూడలేదు. కనపడని కన్ను కూడా ఏడుస్తుందని ఆ రోజే తెలిసింది ఆమెకు.

"లీగువాళ్ళకి చెబుతాను," అన్నాడు డూలన్. "నువ్వు ఊఁ అంటే ఇవాళే. ఆ ఆట కొట్టేసి మళ్ళీ ఆడిస్తారు. నన్ను ఇక రింకు దగ్గరికి రానివ్వరు, మా ఊళ్ళో మొహం చూడరు. ఫరవాలేదు. నువ్వు వద్దంటే నోరు మూసుకుంటాను."

"ఆట కొట్టేస్తారు సరే," అన్నాడు ఎల్జెయార్. "కనపడదని అందరి ముందూ చెప్పాను కదా. దాన్నెవరు కొట్టేస్తారన్నా?"

ఎల్జెయార్ లేచి కోటు తొడుక్కున్నాడు.

"చెప్పు. మావాళ్ళు ఓడని ఆట అది. పెర్సీ ఆడతాడు."

ఇద్దరూ కలిసి స్టేషను దారి పట్టారు. ఆ దారి రింకు పక్కనుంచే. లోపల జట్టు సాధన చేస్తోంది. కర్రల చప్పుడు వినపడేసరికి ఇద్దరి కాళ్ళూ వాటంతటవే ఆగాయి. చెక్కగోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు. పెర్సీ గోల్లో ఉన్నాడు, ఎడమకాలు బరువుగా ఈడుస్తున్నాడు. వాళ్ళని చూసి మర్డో కర్ర ఎత్తబోయి దించేశాడు.

ఎవడో దూరంనుంచి కొట్టాడు. బిళ్ళ పెర్సీ కాళ్ళ మధ్యనుంచి పోయి, గడ్డకట్టిన వలకి తగిలి బయటికొచ్చేసింది.

"పడలేదు! బయటికే!" అని అరిచాడు పెర్సీ.

"పడిందిరా!"

"పడలేదంటుంటే! గోల్లో ఉన్నది నువ్వా నేనా?"

అందరూ నవ్వారు. టేట్ కూడా చుట్ట నోట్లో పెట్టుకునే నవ్వి, "శభాష్, అలా ఉండాలి!" అన్నాడు. ఆట సాగిపోయింది.

ఎల్జెయార్ చేతి తొడుగు తీశాడు. వంచిన వేళ్ళతో చెక్కగోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు. అంత గోలలో లోపలివాళ్ళెవరికీ వినపడలేదు. పక్కనున్న డూలన్‌కి వినపడింది. ఆయన కోటు జేబులోంచి రుమాలు తీశాడు, చెయ్యి సగం దాకా లేచింది. అక్కడ ఆగి, మెల్లగా మొహం మీదికి దిగింది.

"పద అన్నా," అన్నాడు ఎల్జెయార్. "బండి టైమవుతోంది. నా ఎడమ పక్కకి రా, అటు గుంతలుంటాయి."